ఆ నల్ల బురద ఎండిపోయేలోపు తవ్వాలి

ఉత్తర ఇంగ్లండ్‌లోని హేడ్రియన్ గోడ గురించి ఎవరు వీడియో పెట్టినా ఒకటే దృశ్యం: పచ్చటి గుట్టల మీద మెలికలు తిరుగుతూ పోయే రాతి గోడ, కింద "రోమన్ సామ్రాజ్యపు అంచు" అని ఒక ముక్క. ఆ గోడ గొప్పదే. క్రీ.శ. 122లో మొదలుపెట్టి సుమారు 117 కిలోమీటర్ల పొడవునా కట్టారు. కానీ ఫోటోల్లో అంత నిటారుగా కనిపించే భాగాల్లో చాలావరకు 19వ శతాబ్దంలో జాన్ క్లేటన్ అనే భూస్వామి పడిపోయిన రాళ్ళు ఏరించి మళ్ళీ పేర్పించినవే. రోమన్ సరిహద్దు బతుకు ఎలా ఉండేదో తెలియాలంటే గోడకి దక్షిణంగా కిలోమీటరున్నర దిగి విందోలాండా కోటకి రావాలి. అక్కడ కూడా పైన కనిపించే రాతి పునాదుల దగ్గర ఆగిపోకూడదు. అసలు సంగతంతా వాటి కిందున్న నల్ల బురదలో ఉంది.

ఆ బురద ఎలా పుట్టిందో తెలిస్తే దాని విలువ అర్థమవుతుంది. విందోలాండాలో మొదటి కోట క్రీ.శ. 85 ప్రాంతంలో కట్టారు, అంటే హేడ్రియన్ గోడకంటే దాదాపు నలభై ఏళ్ళు ముందు. ఆ తర్వాత అదే చోట ఒకదాని మీద ఒకటి మొత్తం తొమ్మిది కోటలు లేచాయి. మొదటివన్నీ చెక్కవి. ఒక దళం వెళ్ళిపోయేటప్పుడు కట్టడాన్ని కూల్చేసేది. కొత్త దళం వచ్చి పాత శిథిలాల మీద బంకమట్టి, పచ్చిక గడ్డలు పరిచి, చదును చేసి, పైన మళ్ళీ కట్టుకునేది. పాత ఇళ్ళల్లో నేల మీద గడ్డి, ఫెర్న్ ఆకులు పరుచుకునేవాళ్ళు. ఎముకలు, తోలు ముక్కలు, చెత్త అన్నీ అందులోనే తొక్కుకుపోయాయి. దాని మీద బంకమట్టి మూత పడింది, నేలలో నీరు నిండింది, ఆక్సిజన్ లోపలికి పోలేదు. ఆక్సిజన్ లేకపోతే చెక్కనీ తోలునీ కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు పనిచేయలేవు. అందుకే రెండు వేల ఏళ్ళ నాటి ఫెర్న్ ఆకు ఇంకా ఆకులాగే బయటికి వస్తుంది. ఇత్తడి వస్తువు పసుపుపచ్చగా మెరుస్తూ వచ్చి, గాలి తగలగానే రంగు మారడం మొదలుపెడుతుంది. మట్టిలో ఫాస్ఫేట్ ఉన్నచోట వివియనైట్ అనే ఖనిజం బయటపడి, చూస్తుండగానే నీలంగా మారుతుంది. తవ్వేవాళ్ళకి అది గుర్తు: గాలి తగలని పొరలోకి దిగాం, ఇక చేయి నెమ్మదించాలి.

1973 మార్చిలో పురావస్తు శాస్త్రవేత్త రాబిన్ బర్లీ బృందానికి దొరికిన మొదటి చెక్క ఉత్తరం చూడ్డానికి రందా పట్టినప్పుడు రాలే పొట్టులాంటిది. రెండు పలుచని పలకలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. విడదీస్తే లోపల సిరా గీతలు కనిపించాయి, కాసేపటికే మసకబారిపోయాయి. చెక్క నల్లబడింది గానీ సిరా పోలేదు. అది కర్బనంతో చేసిన సిరా కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ ఫోటోల్లో అక్షరాలు మళ్ళీ తేలాయి. ఒక మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల మందం, పోస్టుకార్డంత సైజు, బర్చ్, ఆల్డర్ లాంటి స్థానిక చెట్ల చెక్క. ఆ పొరలో తాపీ గీకితే ఉత్తరం రెండు ముక్కలవుతుంది. అందుకే నేల పరుపుని గడ్డలు గడ్డలుగా లేపి, పొరల వెంట చేతివేళ్ళతో విప్పుకుంటూ వెతుకుతారు. పలకలాంటిది కనిపిస్తే అక్కడే తెరిచి చూడాలనే ఆత్రం అణుచుకోవాలి. చుట్టూ ఉన్న మట్టితో సహా తడిగానే పెట్టెలో పెట్టి ల్యాబ్‌కి పంపాలి. తవ్వకంలో ఆ ఒక్క నిమిషం నిగ్రహం కంటే పెద్ద నైపుణ్యం లేదని నా అభిప్రాయం.

ఇంతకీ వాటిలో ఏముంది? విందోలాండాలో ఉన్న మొదటి తుంగ్రియన్ అనే రోమన్ దళం లెక్క ఒకటి ఉంది, మే 18 నాటిది. పేరుకి దళంలో 752 మంది. అందులో 456 మంది వేరేచోట్ల డ్యూటీలో ఉన్నారు. కోటలో మిగిలింది 296. వాళ్ళలో 15 మందికి జబ్బు, ఆరుగురికి గాయాలు, 10 మందికి కళ్ళకలక. యుద్ధానికి పనికొచ్చేవాళ్ళు 265. పుస్తకాల్లో "ఒక కోట, ఒక దళం" అని గీసే బొమ్మలన్నీ ఈ ఒక్క చెక్కముక్క ముందు నిలబడవు. ఇంకో ఉత్తరంలో ఒక అధికారి తన మనుషులకి బీరు అయిపోయింది, పంపించమంటాడు. మరొకదాంట్లో ఎవరికో సాక్సులు, చెప్పులు, లోదుస్తులు పంపామని ఉంది. అప్పు పద్దుల్లో ఒక సైనికుడి పేరుకి ఎదురుగా మిరియాలు, రెండు దినారీలు (రోమన్ వెండి నాణేలు) అని రాసి ఉంది. ఆ మిరియాలు మన దక్షిణ భారతపు పడమటి తీరం నుంచి ఎర్రసముద్రం మీదుగా అంతదూరం పోయాయి. ఒక పుట్టినరోజు పిలుపు కూడా ఉంది. వేరే కోట అధికారి భార్య క్లాడియా సెవెరా సెప్టెంబర్ 11న తన పుట్టినరోజుకి రమ్మని విందోలాండా దళాధిపతి భార్య సుల్పీసియా లెపిడినాని పిలిచింది. ఉత్తరం గుమాస్తా రాసినదే గానీ, "నా ప్రాణమైన సోదరీ" అనే చివరి పంక్తులు సెవెరా సొంత చేతిరాత. లాటిన్‌లో ఒక స్త్రీ చేతిరాతకి మనకి తెలిసిన తొలి నమూనాల్లో అదొకటి.

ఇక్కడే నా మొదటి గొడవ. ఈ ఉత్తరాలన్నీ కోట వైపు గొంతులే. చుట్టుపక్కల జనాన్ని వాళ్ళు "బ్రిట్టుంకులి" అన్నారు, అంటే చిల్లర బ్రిటన్లు అన్నట్టు. ఆ జనం తమ గురించి ఏమీ రాసుకోలేదు. వాళ్ళ సంగతి, వ్యాపారుల సంగతి, కోటని నమ్ముకుని బతికిన కుటుంబాల సంగతి తెలియాలంటే ప్రహరీ బయటున్న పేటని కూడా అంతే ఓపికగా తవ్వాలి. విందోలాండాలో 5,000కి పైగా తోలు చెప్పులు, బూట్లు దొరికాయి. అందులో ఆడవాళ్ళవి, పిల్లలవి కూడా ఉన్నాయి, సైనికుల బారకాసుల్లో సైతం. సైనికులకి చట్టప్రకారం పెళ్ళి లేని రోజులవి. కోట అంటే మగవాళ్ళ శిబిరం అని వందేళ్ళు చెప్పుకున్న మాటని పసిపిల్లల చెప్పులు కొట్టేశాయి. ఆ చెప్పు ఏ గదిలో, ఏ పొరలో దొరికిందో రాసి ఉండబట్టే అది సాక్ష్యమైంది. పొర రాయకుండా పైకి తీసిన చెప్పు కేవలం పాత చెప్పు.

రెండో గొడవ అంతకంటే ముఖ్యమైంది. "నేలలో భద్రంగానే ఉంది కదా, తవ్వడం ఎందుకు? వచ్చే తరాలకి వదిలేద్దాం" అనే వాదన చాలా గౌరవంగా వినిపిస్తుంది. పురావస్తువుల రక్షణ కోసం యూరప్ దేశాలు చేసుకున్న 1992 వాలెట్టా ఒప్పందం కూడా వీలైనంతవరకు ఉన్నచోటే కాపాడమంది. రాతికి అది సరైన సూత్రమే. తడి బురదకి కాదు. ఆ భద్రత అంతా నీటిమట్టం మీద ఆధారపడింది. విందోలాండాకి పడమట ఉన్న మాగ్నా అనే ఇంకో రోమన్ కోట పీట్ నేల (సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న తడి నేల) మీద ఉంది. వేసవులు వేడెక్కి, వాన తీరు మారి ఆ పీట్ ఎండుతోంది. ఎండిన పీట్ కుంగుతుంది, పగుళ్ళిస్తుంది, ఆ పగుళ్ళలోంచి గాలి దిగుతుంది. రెండు వేల ఏళ్ళు నిలిచిన తోలు, చెక్క ఆ తర్వాత ఎంతోకాలం నిలవవు. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది కాబట్టి కింద ఏం పోయిందో ఎవరికీ తెలియదు. అందుకే అక్కడ నేలలో సెన్సర్లు పెట్టి తేమని కొలుస్తున్నారు, 2023లో ఐదేళ్ళ తవ్వకం మొదలుపెట్టారు. 2025లో కందకంలోంచి 32.6 సెంటీమీటర్ల పొడవున్న బూటు అడుగు బయటికొచ్చింది. ఎండాక తవ్వితే అక్కడ ఒక మరక మాత్రం ఉండేది.

తెలుగువాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. సాగర్ నీళ్ళు వస్తున్నాయని 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయని తవ్వారు. అక్కడ నీళ్ళు వస్తున్నాయని తవ్వారు, మాగ్నాలో నీళ్ళు పోతున్నాయని తవ్వాలి. రెండుచోట్లా గడువు మన చేతిలో లేదు.

అలాగని గబగబా తవ్వేయమనడం లేదు. ల్యాబ్‌లో ఎంత చోటుంటే అంతే తవ్వాలి. తడి చెక్కని వట్టినే ఆరబెడితే కణాలు కూలిపోయి ముడుచుకుని చీలిపోతుంది. దాన్ని నెలల తరబడి పాలీ ఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థం కలిపిన నీళ్ళలో నానబెట్టి, గడ్డకట్టించి, శూన్యంలో తేమ లాగాలి. ఆ తొట్లకి, కరెంటుకి, మనుషులకి డబ్బు ముందే చేతిలో ఉండాలి. గోడల సందుల్లో సున్నం నింపడానికి దొరికే నిధులు ఈ పనికి అంత తేలిగ్గా దొరకవు, ఎందుకంటే తొట్టిలో నానుతున్న చెక్క ఫోటోకి పనికిరాదు. నా దృష్టిలో ఇదే అసలు తప్పు.

గొయ్యిని పూడ్చడం కూడా పనిలో భాగమే. పంపుతో నీళ్ళు తోడుతూ వారాల తరబడి తెరిచి ఉంచితే, తవ్వని పక్క పొరలు కూడా ఎండుతాయి. కాబట్టి చిన్న గొయ్యి తీయాలి, రోజూ పక్కలు తడపాలి, పని అయిన వెంటనే గుడ్డ పరిచి అదే మట్టి, అదే వరసలో నింపి పైన పచ్చిక పెట్టాలి. పక్క పొలంలో మురుగు కాలువ కొత్తగా లోతు చేస్తున్నారేమో కూడా చూడాలి. కోట హద్దు లోపల ఎంత జాగ్రత్తపడినా, నీళ్ళు ఆ కాలువలోంచే పోతాయి.