గుంటూరు జిల్లాలో ఇల్లు చూసుకునేవారికి

2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల విడిపోయాక గుంటూరు 18 మండలాల చిన్న జిల్లా అయింది. ఇక్కడే ఉండి పనిచేసుకోవడం మేలని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను, ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మిర్చి యార్డు, దుగ్గిరాల పసుపు, మంగళగిరి మగ్గాలు, ఎయిమ్స్ అన్నీ దగ్గర్లోనే. కానీ ఇంటి సంగతి ఆ వ్యాసంలో రాలేదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

చాలాచోట్ల నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది పైపైన వేస్తే కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా పగులుతుంది. అమ్మేవాళ్లు లప్పం పెట్టి రంగేస్తే కనపడదు. అందుకే మే నెలలో ఒకసారి, పెద్దవాన పడ్డాక మరోసారి చూడండి. కట్టుకునేవాళ్లు ముందు మట్టి పరీక్ష చేయించి, నేల కదలని లోతుదాకా పైల్స్ (భూమిలోకి దింపే కాంక్రీటు స్తంభాలు) దింపి, పైన ప్లింత్ బీమ్ (గోడల కింద వేసే కాంక్రీటు దూలం) వేయించాలి. దయచేసి ఇక్కడ మాత్రం ఖర్చు తగ్గించుకోకండి. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేస్తారు కాబట్టి సంపు ఎంతుందో, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయో లేదో అడగండి.

తెనాలిలో ఉండి విజయవాడలో పనిచేసేవారికి రైలు సీజన్ టికెట్ చాలు. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే అదనపు చార్జీ కట్టాలి, రిజర్వేషన్ బోగీ ఎక్కితే జరిమానా తప్పదు.