జైలుకెళ్లొచ్చినంత మాత్రాన పిల్లల మనోవర్తి బాకీ తీరదు

కోనసీమలోనూ భీమవరం చుట్టుపక్కలా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. నెల రోజులు జైల్లో ఉంటే మనోవర్తి, అంటే భార్యాపిల్లల పోషణకు కట్టాల్సిన డబ్బు, బాకీ రద్దైపోతుందట. పెద్దమనుషుల ముందు భార్య "ఇక ఏమీ అడగను" అని సంతకం పెడితే పిల్లలకూ ఏమీ ఇవ్వక్కర్లేదట. పిల్లల్ని చూడనివ్వకపోతే డబ్బు ఆపేయొచ్చట. గల్ఫ్ వెళ్లిపోతే ఎవరూ ఏమీ చేయలేరట. ఈ నాలుగూ తప్పే. నమ్మినవాళ్ల పిల్లలు ఫీజులకూ మందులకూ అవస్థ పడతారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

జైలు మాటే అన్నిటికన్నా ప్రమాదం. మనోవర్తి ఇప్పించే సెక్షన్, పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. కోర్టు ఉత్తర్వు ఉన్నా సరైన కారణం లేకుండా కట్టకపోతే మేజిస్ట్రేటు వసూలు వారంటు ఇస్తారు. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి ఒక్కో నెల వరకు జైలు వేయొచ్చు. ఆ జైలు డబ్బు కట్టించడానికే గానీ బాకీకి చెల్లు కాదని 1989లోనే కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బయటికొచ్చాక కూడా ఆ బాకీ కట్టాల్సిందే.

తల్లులకు ఇక్కడే ఒక మాట. బాకీ పడ్డ తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు వేయకపోతే ఆ మొత్తానికి ఈ వారంటు దారి మూసుకుపోతుంది. "చేపల చెరువు పట్టుబడి అయ్యాక ఇస్తాలే" అన్న మాట పట్టుకుని ఏడాది దాటనివ్వకండి.

ఇక పెద్దమనుషుల కాగితం. మన ఊళ్లలో గుడి అరుగు మీద తగువు తేల్చి స్టాంపు పేపరు మీద రాయించడం కొత్తేం కాదు. కానీ తమ కులంలో అలాంటి విడాకుల ఆచారం ఉందని కోర్టులో రుజువు చేసుకోగలిగితే తప్ప, హిందువులకు ఆ కాగితంతో విడాకులే రావు. పిల్లల సంగతి మరీ వేరు. మనోవర్తి బిడ్డ హక్కు. బిడ్డ హక్కును తల్లి సంతకంతో వదిలేయడానికి వీల్లేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం పెళ్లితో పుట్టిన బిడ్డకూ పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకూ సమానంగా ఈ హక్కు ఇచ్చింది. ముస్లిం పిల్లలు కూడా తండ్రిని అడగొచ్చని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత స్పష్టంగా ఉన్నా పెద్దలు ఇంకా అలాంటి కాగితాలు రాయించడం నాకు బాధగా ఉంది.

పిల్లల్ని చూపించకపోవడం తల్లి తప్పే. దానికి తండ్రి వేరే పిటిషన్ వేసుకుని, చూసే హక్కు అడగాలి. బియ్యం డబ్బులు ఆపితే ఆ శిక్ష బిడ్డకు పడుతుంది.

గల్ఫ్ సంగతికొస్తే, మనిషి దుబాయ్‌లో ఉన్నా అతని పేర ఉన్న కొబ్బరితోట ఇక్కడే ఉంటుంది. మనోవర్తి బకాయిని జరిమానా వసూలు చేసే పద్ధతిలో రాబట్టొచ్చు కాబట్టి, వారంటు జిల్లా కలెక్టరు దాకా వెళ్లి భూమిశిస్తు బకాయిలాగా ఆస్తి మీద వసూలు కావచ్చు. జీతగాడికైతే, మనోవర్తి డిక్రీ (కోర్టు తీర్పు) అమలులో జీతంలో మూడో వంతుకే జప్తు నుంచి రక్షణ, మిగతాది జప్తు చేయొచ్చు. "నాకు ఆదాయం లేదు" అన్నా చెల్లదు. 2020 నవంబరులో రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు నుంచి ఏ మనోవర్తి కేసులోనైనా భార్యాభర్తలిద్దరూ ఆస్తి, ఆదాయం, అప్పుల లెక్కతో అఫిడవిట్ ఇవ్వాలి. అందులో అబద్ధం రాస్తే అది మరో కేసు. ఒంట్లో సత్తువ ఉన్న తండ్రి కూలి చేసైనా పోషించాలని 2022లో కూడా సుప్రీంకోర్టు అంది.

కేసు వేయడానికి ఖర్చు ఎక్కడిదని ఆగిపోయిన తల్లులున్నారు. మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇస్తుంది. కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మీరు ఇప్పుడు ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టులోనే కేసు వేయొచ్చు.