రిటర్న్ టికెట్ ఎవరిని పట్టుకుంటోంది?

విదేశానికి వెళ్లేటప్పుడు రిటర్న్ టికెట్ తప్పనిసరా అని కడపలో ఏ ట్రావెల్స్ ఆఫీసులో అడిగినా, "వేయించుకోండి సార్, ఎందుకొచ్చిన టెన్షన్" అంటారు. ప్రయాణికుడికి అది మంచి సలహానే. నిబంధనగా చూస్తే మాత్రం, కొండను తవ్వి ఎలుకనైనా పట్టని వ్యవహారం ఇది.

దేశానికో పద్ధతి ఉంది. ఫిలిప్పీన్స్ 2025 జూన్‌లో మనవాళ్లకు వీసా లేకుండా 14 రోజులు ఉండే వీలిచ్చింది, తిరుగు టికెట్టో ఇంకో దేశానికి పోయే టికెట్టో ఉండాలంది. న్యూజిలాండ్‌కు టికెట్ లేకపోయినా, కొనుక్కునేంత డబ్బు చూపిస్తే సరిపోతుంది. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకైతే రిజర్వేషన్ కాగితం చాలు, వీసా చేతికి వచ్చేదాకా టికెట్ కొనొద్దని కాన్సులేట్లే చెబుతుంటాయి. అందరికీ కావాల్సింది కాగితమే.

ఆ కాగితం అడిగేది కూడా ముందు మన గడ్డ మీదే. కడప నుంచి గల్ఫ్ విమానం లేదు కాబట్టి మనవాళ్లకు అది చెన్నైలోనో బెంగళూరులోనో ఎదురవుతుంది. చెకిన్ కౌంటర్‌లో అమ్మాయి టిమాటిక్ అనే డేటాబేస్ తెరుస్తుంది. ఏ పాస్‌పోర్టు ఉన్నవాళ్లను ఏ దేశం ఏమేం అడుగుతుందో అందులో ఉంటుంది. "రిటర్న్ చూపించండి" అంటుంది. లేదంటే బోర్డింగ్ పాస్ రాదు. ఆమెను తప్పు పట్టలేం. అవతలి దేశం రానివ్వకపోతే ఆ మనిషిని వెనక్కి తేవాల్సింది విమాన సంస్థే, చాలాచోట్ల పైగా జరిమానా. ఇక మన మనిషి లైన్‌లోంచి పక్కకు జరిగి, తాడుతో బిగించిన అట్టపెట్టె ఉన్న ట్రాలీని కాలితో ఆపుకుంటూ, రాయచోటిలోని ఏజెంటుకు ఫోన్ కొడతాడు. కాసేపటికి వాట్సాప్‌లో పీడీఎఫ్ దిగుతుంది. పీఎన్ఆర్ నంబరు ఉంటుంది, పేరు ఉంటుంది, కట్టిన డబ్బు మాత్రం ఉండదు. దీన్నే డమ్మీ టికెట్ అంటారు. ఒకట్రెండు రోజుల్లో దానంతటదే రద్దవుతుంది.

ఈ నిబంధనను సమర్థించేవాళ్ల వాదన తెలిసిందే. వచ్చినవాడు వెళ్లకుండా ఉండిపోతే వెతకాలి, పట్టుకోవాలి, ఖర్చు పెట్టి పంపాలి, కాబట్టి ముందే టికెట్ చూపించమనడంలో తప్పేముంది అంటారు. తప్పేమీ లేదు, అది పనిచేస్తే. ఉండిపోదామని వచ్చినవాడు అసలు టికెట్టే కొన్నా విమానం దిగాక రద్దు చేసుకోలేడా? మోసం చేయదలచుకున్నవాడికి అది ఒక పీడీఎఫ్. నిజాయితీగా చూసొద్దామని వెళ్లేవాడికి, తేదీ మారితే మునిగిపోయే సొమ్ము.

మన జిల్లాల విషయానికి వస్తే కథ ఇంకా ఘోరం. పదో తరగతి పాసవ్వనివాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ కావాలనే పాస్‌పోర్టు ఇస్తారు. వాళ్లు కువైట్, సౌదీ, యూఏఈ లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. ఇవన్నీ వాళ్ల రక్షణకు పెట్టినవే. అయితే పనికి కాకుండా చూడటానికి వెళ్తున్నామంటే? 2007 అక్టోబర్ నుంచి పాస్‌పోర్టు, వీసా, రిటర్న్ టికెట్ చూపిస్తే చాలు. అంటే ప్రభుత్వమే గోడ కట్టి, దానికి రిటర్న్ టికెట్ అనే తలుపు పెట్టింది. రాజంపేట, రాయచోటి, బద్వేలు వైపు ఊళ్లలో దొంగ ఏజెంట్లు బతికేది ఆ తలుపు మీదే. పాతికేళ్ల పిల్లకు విజిట్ వీసా తీస్తారు, తిరుగు టికెట్ జత చేస్తారు, ముందు దుబాయ్‌కో మస్కట్‌కో పంపుతారు. అక్కడి నుంచి ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, ఏ ఇంటికి చేరిందో మన రికార్డుల్లో ఎక్కడా ఉండదు. కాగితాల ప్రకారం ఆమె టూరిస్టు.

సక్రమంగా వెళ్లినవాళ్ల తిరుగు ప్రయాణమైనా వాళ్ల చేతిలో ఉందా? ఇంటిపనివాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కువైట్ 2015లోనే చట్టం చేసింది. అయినా పాస్‌పోర్టు సేటు బీరువాలోనే ఉందని ఇంటికి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలని అదే కువైట్ 2025 జూలై నుంచి కొత్తగా పెట్టింది. అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) పోయి కల్లివెల్లి, అంటే చట్టవిరుద్ధంగా ఉండిపోయినవాళ్లు, అయినవాళ్లు 2018లో, మళ్లీ 2024లో క్షమాభిక్ష ప్రకటించాక ఎంబసీ ముందు ఔట్‌పాస్ కోసం, అంటే పాస్‌పోర్టు లేకపోయినా ఇంటికి చేర్చే కాగితం కోసం నిలబడ్డారు. తిరుగు టికెట్ నిజంగా అవసరమైంది వీళ్లకు. అడిగేదేమో వారం రోజులు బ్యాంకాక్ చూసొచ్చేవాణ్ని.

1983 చట్టాన్ని తీసేసి కొత్తది తేవడానికి కేంద్రం 2025లో ముసాయిదా బయటపెట్టింది. కడప, రాజంపేట ఎంపీలకు ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు విజిట్ వీసా మీద వెళ్లేవాళ్లను వదలడానికి రిటర్న్ టికెట్ ఒక్కటే చాలదని, అక్కడ దించుకునే మనిషి పేరు, చిరునామా ఎంబసీకి ముందే చేరాలని పట్టుబట్టాలి. పనికి వెళ్లేవాళ్లకైతే తిరుగు టికెట్ డబ్బును యజమాని ఈ-మైగ్రేట్‌లో, అంటే విదేశాల్లో పనికి అనుమతులిచ్చే ప్రభుత్వ పోర్టల్‌లో, వాళ్ల పేరిట జమ చేస్తేనే అనుమతి ఇవ్వాలి. ఆ డబ్బు ఎప్పుడు వాడాలో సేటు సంతకంతో పని లేకుండా కార్మికురాలే ఎంబసీకి చెప్పుకునేలా రాయాలి.