పసిపిల్లల వార్డులో ప్రశ్న అడిగేదెవరు?

1996లో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరు పిల్లల వార్డులో ఇంటర్న్‌గా చేరాడు. మొదటి రాత్రే ముగ్గురు పిల్లలు నిమోనియాతో అతని కళ్లెదుటే పోయారు. పేరు మహమ్మద్ జోబాయెర్ చిస్తీ. ఆ రాత్రి ఏడ్చానని తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు. ఏడ్చిన డాక్టర్లు మన దగ్గరా ఉన్నారు. చిస్తీ మాత్రం ఆ రాత్రిని ఏళ్ల తరబడి వదల్లేదు. శిక్షణ కోసం మెల్‌బోర్న్ వెళ్లినప్పుడు, బుడగల ఒత్తిడితో పిల్లల ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఆపే పరికరం చూశాడు. అంత ఖరీదైన యంత్రం ఢాకాలో ఎక్కడ దొరుకుతుంది? తిరిగొచ్చాక వాడి పారేసిన షాంపూ సీసా ఒకటి కంటబడింది. సీసాలో నీళ్లు పోసి, బిడ్డ వదిలే గాలి వచ్చే గొట్టాన్ని అందులో ముంచితే బుడగలు లేస్తాయి. గొట్టం ఎంత లోతున మునిగితే బిడ్డ ఊపిరితిత్తుల్లో అంత ఒత్తిడి నిలుస్తుంది.

పత్రికలకు నచ్చే కథ ఇక్కడితో అయిపోతుంది. నాకు నచ్చేది దీని తర్వాతిది. సీసా పనిచేస్తోందని తనకు అనిపించగానే చిస్తీ బృందం దాన్ని పిల్లలందరికీ తగిలించేయలేదు. ఢాకా ఆస్పత్రిలో లాటరీ తీసినట్టు 225 మంది పిల్లలను మూడు గుంపులు చేశారు. మామూలుగా ఆక్సిజన్ ఇచ్చిన 67 మందిలో 10 మంది చనిపోయారు. సీసా పెట్టిన 79 మందిలో చనిపోయింది ముగ్గురు. మామూలు ఆక్సిజన్ గుంపులో మరణాలు అంత ఎక్కువగా ఉండటంతో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. 2015లో పేరున్న వైద్య పత్రిక లాన్సెట్ ఆ ఫలితాలను అచ్చు వేసింది.

ఆ తర్వాత ఆఫ్రికా దేశమైన మలావీలోని ఒక జిల్లా ఆస్పత్రిలో బుడగల పద్ధతినే మరో బృందం పరీక్షించింది. 2019లో వచ్చిన లెక్క చూసి చాలామంది గతుక్కుమన్నారు. మామూలు ఆక్సిజన్ తీసుకున్న పిల్లల్లో నూటికి 11 మంది చనిపోతే, బుడగల పద్ధతిలో 17 మంది పోయారు. అక్కడి పిల్లల్లో హెచ్ఐవీ, తీవ్ర పోషకాహార లోపం ఉన్నవాళ్లు ఎక్కువ. పరికరాన్ని నడిపింది డాక్టర్లు కాని సిబ్బంది. ఢాకా వార్డులో పక్కనే ఉండి చూసే మనుషులున్నారు. సీసాను పార్సిల్‌లో పంపొచ్చు గానీ ఆ మనుషులను పంపలేం. మలావీలో లెక్క పెట్టగలిగిన వాళ్లు లేకపోయి ఉంటే, ఢాకా విజయం చూసి ఎన్ని దేశాలు కళ్లు మూసుకుని దాన్నే అనుకరించేవో!

ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఆఫ్రికా నుంచే వచ్చింది. ఇన్ఫెక్షన్ ముదిరి, రక్తప్రసరణ పడిపోయి షాక్‌లోకి జారిన బిడ్డకు గబగబా సెలైన్ ఎక్కించాలని పాఠ్యపుస్తకాలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. ధనిక దేశాల ఐసీయూల్లో అది ఆనవాయితీ. కెన్యాలోని కిలిఫీలో ఏళ్లుగా పనిచేస్తున్న పిల్లల డాక్టరు క్యాథరిన్ మెయిట్‌లాండ్ బృందం కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో మూడు వేల మందికి పైగా పిల్లల మీద దీన్ని పరీక్షించింది. సెలైన్ మేలు చేస్తుందనే అందరి అంచనా. 2011లో తేలిందేమిటంటే, 48 గంటల్లోపు మరణాలు గబగబా సెలైన్ ఎక్కించిన వాళ్లలో నూటికి 10.5, ఎక్కించని వాళ్లలో 7.3. వెంటిలేటర్ లేని చోట, మలేరియాతో రక్తం పలచబడిన బిడ్డకు పుస్తకంలోని వైద్యమే ముప్పయింది.

2022లో ప్రపంచంలో ఐదేళ్లు నిండకుండా 49 లక్షల మంది పిల్లలు చనిపోయారు. 1990లో ఆ సంఖ్య కోటి 20 లక్షలకు పైనే. తగ్గింది, సంతోషమే. కానీ మిగిలిన మరణాల్లో ఎక్కువ భాగం సహారా దిగువ ఆఫ్రికాలో, దక్షిణాసియాలో. పరిశోధన నేర్పే బలమైన సంస్థలూ నిధులూ ఎక్కువగా మరోవైపు ఉన్నాయి. ఫలితంగా ప్రశ్న ఒక చోట పుడుతుంది, జవాబు మరో చోట తయారవుతుంది. ఇక్కడి డాక్టర్ల పని నమూనాలు సేకరించి పంపడం, చివర్లో రచయితల జాబితాలో ఏ పదకొండో పేరుగానో మిగలడం.

వేరే దారి లేదా అంటే, మన గోదావరి అవతలి ఒడ్డునే ఉంది. తెలంగాణ సరిహద్దును ఆనుకున్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలి. సిరోంచ వైపు వెళితే తెలుగు బాగానే వినిపిస్తుంది. డాక్టర్లైన అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదివి వచ్చి ఆ జిల్లాలో దిగారు. నిమోనియాను పట్టుకోవాలంటే బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. చదువు రాని మంత్రసాని అరవై దాకా ఎలా లెక్కపెడుతుంది? దానికి వాళ్లు ఒక పూసల చట్రం చేశారు, పక్కన నిమిషం ఇసుక గడియారం. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపే వరస చివరి ఎర్ర పూస జరిగిందంటే నిమోనియా. తర్వాత 39 ఊళ్లలో నవజాత శిశువులకు ఇంటి దగ్గరే సంరక్షణ ఇప్పించి, మామూలుగా వదిలేసిన 47 ఊళ్లతో పోల్చారు. మూడో ఏడాదికి నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో రాశారు. ఈ రోజు మన ఊళ్లో బాలింత ఇంటికి ఆశమ్మ మూడో రోజు, ఏడో రోజు అంటూ వస్తున్న ఆనవాయితీకి మూలం అదే.

చిస్తీ అయినా బంగ్ దంపతులైనా బయటికి వెళ్లి నేర్చుకున్నది మందులు రాయడం ఒక్కటే అయితే ఇదంతా జరిగేది కాదు. తన నమ్మకాన్ని తానే పరీక్షకు పెట్టడం నేర్చుకున్నారు.

మన దగ్గర ఆ నేర్పు ఎంత? పీజీ వైద్య విద్యార్థికి థీసిస్ తప్పనిసరి, పరిశోధన పద్ధతుల మీద ఆన్‌లైన్ కోర్సూ తప్పనిసరి. రెండూ పూర్తవుతున్నాయి. ఒక బోధనాస్పత్రి గేటు ఎదుట జిరాక్స్ షాపులో నేను చూసింది చెబుతాను. రెగ్జిన్ అట్టలు, వాటి మీద బంగారు అక్షరాలు, వరసగా పేర్చిన థీసిస్‌లు. గణాంకాలు ఎవరు చేశారని ఒక అబ్బాయిని అడిగితే, "దానికి వేరే ఆయన ఉన్నాడు సార్, ప్యాకేజీ" అన్నాడు. నవ్వొచ్చింది, వెంటనే పోయింది.

మరోవైపు 2014 నుంచి శిశు మరణాల సమీక్షకు జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి. బిడ్డ పోయిన ఇంటికి వెళ్లి, జ్వరం ఎప్పుడొచ్చింది, ఆటో ఎప్పుడు దొరికింది, ఏ ఆస్పత్రి నుంచి ఎక్కడికి పంపారు అని తల్లిని అడిగి ఫారం నింపాలి. పిల్లల వైద్యంలో పీజీ చేసే ప్రతి ఒక్కరికీ తమ జిల్లాలోని అలాంటి ఒక ఏడాది ఫారాలనే థీసిస్‌గా ఇవ్వొచ్చు. పది ఇళ్లకైనా తామే వెళ్లాలి, లెక్కలు తామే వేయాలి. గైడ్‌గా ఉండే ప్రొఫెసర్ ఆ ఇళ్లలో రెండింటికైనా వెంట వెళ్లాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, జీపు డీజిల్, వారానికి ఒక రోజు డ్యూటీ మినహాయింపు చాలు. డీజిల్ దొరుకుతుంది. డ్యూటీ మినహాయింపు దగ్గరే ప్రతి డిపార్ట్‌మెంట్ హెడ్డూ తల అడ్డంగా ఊపుతారు.