కణం ఉబ్బితే ఏమవుతుంది: ఒక ఛానల్ కోసం 26 ఏళ్ళ వెతుకులాట

ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతున్నారని, మగతగా ఉన్నారని హాస్పిటల్‌కి తీసుకెళ్తే డాక్టర్ బ్లడ్ రిపోర్ట్ చూసి "సోడియం పడిపోయింది" అనడం ఇప్పుడు మన ఇళ్ళల్లో మామూలు అయిపోయింది. బీపీకి వాడే కొన్ని మాత్రల వల్లో, వాంతుల వల్లో, 135 నుంచి 145 మధ్య ఉండాల్సిన సోడియం 115కి వచ్చేస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు అడిగేది ఒకటే, తక్కువైంది సోడియమే కదా, గబగబా ఎక్కించేస్తే సరిపోతుంది కదా, ఇన్ని రోజులు ఐసీయూ ఎందుకు అని. బిల్లు పెంచడానికే అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ అనుమానానికి జవాబు మెదడు కణాల్లో ఉంది, దాని వెనక సైన్స్ మాత్రం నిన్నమొన్నటిదాకా సగమే తెలుసు.

మాగాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే నీరంతా ఊరి బయటికొచ్చేస్తుంది కదా, ఉప్పు ఎక్కువున్న వైపుకి నీళ్ళు పోతాయి. సోడియం పడిపోయినప్పుడు ఇది తిరగబడుతుంది, రక్తం పలచబడి నీళ్ళు కణాల్లోకి దూరి కణాలు ఉబ్బుతాయి. కాలో చెయ్యో వాస్తే కొంత చోటుంది, పుర్రె లోపల ఉన్న మెదడుకి ఆ చోటు లేదు. అందుకని కణాలు ఊరుకోవు, లోపలున్న క్లోరైడ్‌ని, పొటాషియంని, టారిన్, గ్లూటమేట్ లాంటి చిన్న అణువుల్ని బయటికి పంపేస్తాయి, వాటి వెంట నీళ్ళూ పోతాయి, కణం మళ్ళీ దాదాపు మామూలు సైజుకి వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో మెదడు ఇలా సర్దుకుపోతుంది. ఇలా లోపలి సరుకు ఖాళీ చేసుకున్న కణాలకి ఒక్కసారిగా సోడియం ఎక్కిస్తే నీళ్ళు బయటికి లాగేసి కణాలు కుంచించుకుపోతాయి, నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతింటుంది, మనిషి మాట, నడక పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే డాక్టర్లు రోజుకి 8, 10 పాయింట్లు దాటకుండా పెంచుతారు.

మరి ఉబ్బిన కణం ఆ సరుకుని ఏ దారిలో బయటికి పంపుతుంది? ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దీని జవాబు కోసం మంచి మంచి సైంటిస్టులు 26 ఏళ్ళు తిరిగారు. 1988లో రెండు ల్యాబులు, ఉబ్బిన కణాల్లో క్లోరైడ్ కరెంట్ ఒకటి, అంటే క్లోరైడ్ అయాన్లు కదలడం వల్ల వచ్చే కరెంట్, పుడుతోందని కొలిచి చూపించాయి. దాన్ని మోసే ఛానల్‌ని, అంటే కణం పొరలో తెరుచుకుని మూసుకునే ప్రోటీన్ దారిని, వీఆర్ఏసీ (కణం సైజుని సర్దే అయాన్ ఛానల్) అన్నారు. వెన్నెముక ఉన్న జంతువుల కణాల్లో ఎక్కడ చూసినా దాదాపు ఈ కరెంట్ ఉంది, కానీ ఏ ప్రోటీన్ దాన్ని మోస్తోందో, ఏ జీన్ ఆ ప్రోటీన్‌ని చేస్తోందో తెలీదు. 1992లో క్యాన్సర్ కణాల నుంచి మందుల్ని బయటికి తోసే పీ-గ్లైకోప్రోటీనే ఇది అన్నారు, అదే ఏడాది పీఐసీఎల్ఎన్ అనే ఇంకో ప్రోటీన్ అన్నారు, 1997లో సీఎల్‌సీ-3 అన్నారు. మూడూ పెద్ద క్లెయిములే, మూడూ నిలబడలేదు. వేరే ల్యాబుల వాళ్ళు మళ్ళీ పరీక్షిస్తే లెక్క కుదరలేదు, ఉదాహరణకి సీఎల్‌సీ-3 జీన్‌ని తీసేసి చూసినా కరెంట్ మాత్రం అలాగే ఉంది. నాకైతే ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనపడదు, పక్కవాడు చెప్పింది తప్పని కొలిచి చూపించడానికి ఏళ్ళు ఖర్చు పెట్టినవాళ్ళ వల్లే ఈ ఫీల్డ్ దారి తప్పకుండా ఉంది, వాళ్ళ పేర్లు ఏ హెడ్‌లైన్లోనూ రాలేదు అంతే.

చివరికి పని అయింది ఊహలు మానేశాక. కాలిఫోర్నియా లాహోయాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో ఆర్డెమ్ పటపూటియన్ ల్యాబ్‌లో జావ్‌జూ చ్యూ అనే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక పనిచేసే రీసెర్చర్), ఫలానా జీనే అయ్యుంటుంది అని ముందే అనుకోకుండా 20 వేలకి పైగా ఉన్న మనిషి జీన్లన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించే పద్ధతి పట్టాడు. కణాల్లో పసుపు రంగులో వెలిగే ప్రోటీన్ పెట్టారు, దానికి అయోడైడ్ తగిలితే వెలుగు తగ్గుతుంది. కణం చుట్టూ పలచటి ద్రావణం పోస్తే కణం ఉబ్బుతుంది, ఛానల్ తెరుచుకుంటుంది, అయోడైడ్ లోపలికి వచ్చి వెలుగు తగ్గిపోతుంది. ఇప్పుడు కణాలు పెంచే ప్లేట్‌లోని ఒక్కో గుంటలో ఒక్కో జీన్‌ని నొక్కిపెట్టి చూడాలి, ఏ గుంటలో వెలుగు తగ్గకుండా ఉండిపోయిందో ఆ జీన్‌ని అనుమానించాలి. వినడానికి ఇంత సింపులే, కానీ ఇలా అడగాలంటే 1988 నుంచి ఆ కరెంట్ గుణాలన్నీ ఓపిగ్గా కొలిచి పెట్టినవాళ్ళు ఉండాలి, ఈ ఛానల్ గుండా అయోడైడ్ సులువుగా వెళ్తుందన్న సంగతి కూడా వాళ్ళు కొలిచిందే.

దొరికిన జీన్ ఎల్‌ఆర్‌ఆర్‌సీ8ఏ. చ్యూ వాళ్ళు స్వెల్1 అని పేరు పెట్టారు, పేపర్ 2014లో సెల్ జర్నల్‌లో వచ్చింది. దాదాపు అదే సమయానికి బెర్లిన్‌లో థామస్ యెంచ్ ల్యాబ్ జీన్లన్నిటినీ వెతికే ఇలాంటి పద్ధతితోనే అదే జీన్‌ని పట్టుకుని సైన్స్ జర్నల్‌లో అచ్చు వేసింది. పైగా ఎల్‌ఆర్‌ఆర్‌సీ8ఏ ఒక్కటే చాలదని, దాని తోబుట్టువులైన 8బీ నుంచి 8ఈ వరకు ఉన్న జీన్లలో కనీసం ఒకటి తోడుండాలని బెర్లిన్ వాళ్ళు తేల్చారు. రెండు ఊళ్ళలో, వేర్వేరు చేతుల్లో అదే జవాబు రావడం వల్ల, పాత క్లెయిములతో విసిగిపోయిన ఈ ఫీల్డ్ దాన్ని నమ్మింది.

ఇంకో సంగతి నన్ను బాగా కదిలిస్తుంది. ఈ జీన్ 2014కి ముందే తెలుసు. 2003లో, యాంటీబాడీలు తయారుచేసే బీ-కణాలు లేక రోగనిరోధక శక్తి దెబ్బతిన్న ఒక అమ్మాయి క్రోమోజోముల్లో ఇది తెగిపోయి ఉందని కనిపెట్టారు, కానీ అప్పుడు దీన్ని ఛానల్ అని ఎవరూ అనుకోలేదు. 2012లో స్పెయిన్ నుంచి అబాస్కల్, జర్డోయా అనే ఇద్దరు, ఈ కుటుంబం ప్రోటీన్లు పానెక్సిన్లు అనే ఛానల్ ప్రోటీన్ల పోలికలో ఉన్నాయి, ఆరేసి కలిసి ఛానల్ కట్టొచ్చు అని కంప్యూటర్ మీద సీక్వెన్సులు చూసి రాశారు. 2018లో క్రయో-ఈఎంతో, అంటే ప్రోటీన్‌ని గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో, బొమ్మ తీస్తే నిజంగా ఆరు ముక్కలే ఉన్నాయి.

పటపూటియన్‌కి 2021లో నోబెల్ వచ్చింది స్పర్శని పసిగట్టే పీజో ఛానళ్ళ మీద పనికి, దీనికి కాదు. చ్యూ తర్వాత జాన్స్ హాప్కిన్స్‌లో సొంత ల్యాబ్ పెట్టి 2019లో, యాసిడ్ పెరిగితే తెరుచుకునే ఇంకో క్లోరైడ్ ఛానల్ జీన్‌ని కూడా పట్టుకున్నాడు. అదే ఏడాది వాళ్ళ ల్యాబ్ స్ట్రోక్ మీద చేసిన పని ఇంకా ముఖ్యమైనది. రక్తం ఆగిపోతే కణాల్లో శక్తి అయిపోయి సోడియం పంపులు నిలిచిపోతాయి, న్యూరాన్లకి (నరాల కణాలకి) తోడుండే ఆస్ట్రోసైట్లు అనే మెదడు కణాలు ఉబ్బుతాయి, ఆ ఉబ్బు తగ్గించుకోడానికి ఇదే ఛానల్ తెరిచి గ్లూటమేట్‌ని బయటికి వదుల్తాయి, అది ఎక్కువైతే పక్కనున్న న్యూరాన్లు అతిగా రెచ్చిపోయి చచ్చిపోతాయి. ఎలుకల్లో ఆస్ట్రోసైట్ల నుంచి మాత్రమే ఈ జీన్ తీసేస్తే స్ట్రోక్ తర్వాత మెదడుకి దెబ్బ తగ్గింది. సోడియం పడిపోయినప్పుడు మెదడుని కాపాడడానికి పనికొచ్చే దారే స్ట్రోక్‌లో విషం చిమ్మే దారి అవుతోందన్నమాట.

ఇక్కడే మన మీడియాతో నాకు పేచీ. ఇలాంటి పేపర్ వస్తే "స్ట్రోక్‌కి మందు దొరికింది" అని రాసేస్తారు. ఈ ఛానల్‌ని ఒళ్ళంతా మూసేయడం మంచిది కాదు, పుట్టుక నుంచే ఈ జీన్ పూర్తిగా లేని ఎలుకలు చాలావరకు చిన్నప్పుడే చచ్చిపోతాయి. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు కూడా ఈ దారిలోనే కొంత కణంలోకి వెళ్తుంది, దారి మూస్తే మందు పని తగ్గుతుంది. ఇప్పుడు ల్యాబుల్లో వాడే డీసీపీఐబీ లాంటి, ఈ ఛానల్‌ని మూసే బ్లాకర్లు వేరే వాటినీ తాకుతాయి, మనిషికి ఇచ్చే రకం కావు.

మన దగ్గర 2020-21లో జీడీపీలో 0.64 శాతం రీసెర్చ్‌కి పోయింది, గ్రాంట్ సాధారణంగా మూడేళ్ళు. 1992 నాటి తప్పు ఏళ్ళ తరబడి పట్టుబడకపోయినా సరే ఆగకుండా ఉండే ఓపిక ఆ మూడేళ్ళలో పట్టదు, ఈ మాట ఫండింగ్ ఇచ్చేవాళ్ళు వినాలి.

స్ట్రోక్ విషయంలో నేను ఎదురుచూసేది మాత్రం వేరే. ఆరు ముక్కల్లో ఏ తోబుట్టువు ఎక్కడ కలుస్తుందన్నది కణాన్ని బట్టి మారుతుంది, 8డీ ఉంటే టారిన్, సిస్‌ప్లాటిన్ బాగా దాటతాయి. మనిషి ఆస్ట్రోసైట్లలో ఏ కలయిక ఉంది, దాన్ని మాత్రమే కొన్ని గంటలు మూసి మళ్ళీ తెరవొచ్చా అన్నది తేలాలి. ఆ లెక్క తేల్చిన పేపర్ వచ్చిన రోజు ఎవరైనా మందు గురించి మాట్లాడితే నేను శ్రద్ధగా వింటాను.