ఆ బహుమతికి వాళ్ళు అర్హులే, కారణం మన బస్తీల్లోనే ఉంది

ఏటా అక్టోబరులో ఆర్థికశాస్త్ర నోబెల్ ప్రకటించగానే 2019 గొడవ మళ్ళీ మొదలవుతుంది. ఆ ఏడు బహుమతి అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకి అది ఇవ్వచ్చా, ఇవ్వకూడదా అని. ఇవ్వాలనేవాళ్ళు చాలామంది "మన భారతీయుడు" దగ్గరే ఆగిపోతారు. వద్దనేవాళ్ళు బెనర్జీ జేఎన్‌యూలో చదివాడనో, పేద కుటుంబాలకి డబ్బు సాయం చేస్తామన్న కాంగ్రెస్ 'న్యాయ్' పథకానికి సలహా ఇచ్చాడనో అంటారు. అసలు వాళ్ళు చేసిన పనేమిటో రెండువైపులా ఎవరూ ఎత్తరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఇది స్వీడన్ కేంద్ర బ్యాంకు 1968లో పెట్టిన బహుమతి, నోబెల్ వీలునామాలో లేదు అనే వాదన కూడా ఉంది. నిజమే. కానీ పని మంచిదా కాదా అన్నది దానివల్ల తేలదు.

నా మటుకు నేను, వాళ్ళు అర్హులే అంటాను. పేదలకి చేసే ఒక సాయం నిజంగా పనిచేస్తుందా లేదా అన్నది, లాటరీ వేసి కొందరికి ఇచ్చి, ఇవ్వనివాళ్ళతో పోల్చి కొలవడం వాళ్ళ పద్ధతి.

2005 ప్రాంతంలో గ్రూపు లోన్లకి ఎంత పేరో గుర్తుందా? ఆడవాళ్ళకి చిన్న అప్పు ఇస్తే పేదరికం పోతుందని ప్రపంచమంతా నమ్మింది. 2006లో, బంగ్లాదేశ్‌లో ఇలాంటి లోన్లిచ్చిన ముహమ్మద్ యూనస్‌కీ, ఆయన గ్రామీణ్ బ్యాంకుకీ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బెనర్జీ, డఫ్లో, మరో ఇద్దరు కలిసి హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకున్నారు. లాటరీ తీసినట్టు 52 ఎంచారు. పేదలకి చిన్న అప్పులిచ్చే ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ ముందు ఆ 52లోనే లోన్లు మొదలుపెట్టింది. ఏడాది దాటాక రెండు రకాల బస్తీల్లోనూ కలిపి 6,800కి పైగా ఇళ్ళకి వెళ్ళి ఖర్చులు, సంపాదన, సామాన్లు అన్నీ రాసుకున్నారు.

ఏం తేలిందంటే, మిగతా బస్తీలతో పోలిస్తే లోన్లు వచ్చిన బస్తీల్లో వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. ఇంట్లోకి ఎక్కువకాలం ఉండే సామాను కొన్నారు. పొగాకు, తాంబూలం, బయట తిండి లాంటి ఖర్చులు తగ్గించుకున్నారు. కానీ ఇంటి మొత్తం ఖర్చు సగటున పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అందరూ చప్పట్లు కొడుతున్న చోట లెక్క తీసి "అద్భుతమేమీ జరగలేదు" అని రాయడానికి ధైర్యం కావాలి.

ఆ రోజుల్లోనే మా పిన్ని కూడా ఒక గ్రూపులో చేరింది. పదివేల లోను, యాభై వారాలు, వారానికి రెండొందల పాతిక దాకా కిస్తీ. మంగళవారం పొద్దున ఏడింటికి అందరూ ఓనరు గారి అరుగు మీద వరసగా కూర్చోవాలి. ఒక్కరు తేకపోయినా మిగతావాళ్ళు లేవడానికి లేదు. ఒకసారి పక్కింటావిడ కొడుకుకి కామెర్లు వచ్చి ఆసుపత్రిలో ఉంటే, ఆవిడ కిస్తీకి తలా కొంత వేశారు. పిన్ని బియ్యం డబ్బాలో దాచుకున్న చిల్లర తీసి లెక్కపెడుతుంటే నేను చూశాను. లోనుతో కొన్న కుట్టుమిషన్ దసరాకీ, పెళ్ళిళ్ళప్పుడూ బాగా తిరిగేది. మిగతా నెలల్లో కిస్తీ బాబాయి కూలి డబ్బుల్లోంచే. ఆ తర్వాత మొదటి లోను తీర్చడానికి ఇంకోచోట రెండోది. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వసూళ్ళకి పగ్గం వేసేదాకా ఇదే వరస.

సగటు లెక్కలో పక్కింటావిడ కనపడదు. 2015లో ఇదే బహుమతి తీసుకున్న ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ అభ్యంతరం దాదాపు ఇలాంటిదే: లాటరీ ఎంత బాగా తీసినా చేతికొచ్చేది సగటే, ఒకచోట పనిచేసింది ఇంకోచోట పనిచేస్తుందని దాన్ని బట్టి చెప్పలేం. ఇది గట్టి విమర్శ, నేను ఒప్పుకుంటాను. పైగా లోను మొదలుపెట్టని బస్తీల్లో కూడా జనం వేరే సంస్థల దగ్గర తీసుకున్నారు, కాబట్టి లోన్ల విషయంలో రెండు రకాల బస్తీల మధ్య తేడా చిన్నదే. ఆ మాట వాళ్ళే తమ పేపర్లో రాశారు. అర్హత గురించి వాదించాలంటే ఈ స్థాయిలో వాదించండి, కాలేజీ పేరు పట్టుకుని కాదు.

"పప్పు ఇస్తే జనం వస్తారని మా అమ్మమ్మ కూడా చెబుతుంది, దానికి నోబెలా?" అనేవాళ్ళూ ఉన్నారు. రాజస్థాన్ ఉదయ్‌పూర్ పల్లెల్లో పిల్లల టీకాల మీద బెనర్జీ, డఫ్లో వాళ్ళు ఇదే పద్ధతిలో చేసిన ఇంకో పరీక్ష సంగతి అది. మామూలుగా అక్కడ టీకాలన్నీ పూర్తిగా పడిన పిల్లలు 6 శాతం. ప్రతి నెలా తప్పకుండా క్యాంపు పెడితే 18 అయింది. క్యాంపుతోపాటు, టీకాకి వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయితే భోజనం పళ్ళాలు ఇస్తే 39. అమ్మమ్మకి తెలిసే ఉండచ్చు. కానీ క్యాంపుతో ఎంత, పప్పుతో ఎంత అన్నది కొలిస్తేనే కదా తెలిసేది? గ్రూపు లోనుతో పేదరికం పోతుందని కూడా అందరికీ "తెలిసిందే" కదా!

మొన్న పిన్నికి హైదరాబాద్ లెక్కలు చదివి వినిపించాను. మిషన్ మీద గుడ్డ కప్పుతూ అంతా విని, "మమ్మల్ని చేర్పించుకున్నప్పుడు ఈ మాట ఒక్కరూ చెప్పలేదేంట్రా?" అంది.