శీర్షికలోనే తేల్చేస్తే ఎలా?

'ఉద్దానం మిస్టరీ వీడింది'. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం దొరికిందంటూ కవిటి, కంచిలి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ తరహా శీర్షికలు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి. ఒకసారి దోషి నీళ్లలోని సిలికా. మరోసారి పురుగుమందులు, భార లోహాలు. ఆ తర్వాత జన్యువులు, ఎండలో పనిచేస్తూ నీళ్లు తక్కువ తాగడం. పరిశోధకులు వీటన్నిటినీ అనుమానించారు, పరీక్షించారు. 'ఇదొక్కటే కారణం' అని మాత్రం తేల్చలేదు. శ్రీలంకలో వరి రైతులను, నికరాగువాలో చెరకు కూలీలను పీడిస్తున్న ఇలాంటి కిడ్నీ జబ్బు విషయంలోనూ పరిస్థితి ఇదే.

పరిశోధన పత్రంలో 'సంబంధం ఉండవచ్చు' అన్నది వార్తలోకి వచ్చేసరికి 'కారణం కావచ్చు' అవుతుంది. శీర్షికలో 'కారణం ఇదే' అయి కూర్చుంటుంది. జనానికి చేరేది ఆ చివరిదే. ట్విటర్‌లో పంచుకున్న లింకులను 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ పరిశోధకులు పరిశీలిస్తే, 59 శాతం లింకులను ఎవరూ తెరవనే లేదని తేలింది. తెరిచి చదివినా తిప్పలు తప్పవు. శీర్షిక తప్పుదోవ పట్టిస్తే, లోపల సమాచారం సరిగ్గానే ఉన్నా పాఠకుల జ్ఞాపకమూ అవగాహనా దెబ్బతింటాయని 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు.

ఆ నష్టం భరించేది ఉద్దానం మనుషులు. నీళ్లే కారణమని నమ్మిన ఇంట్లో డబ్బా నీళ్లు కొంటే జాగ్రత్త పడినట్టే అనుకుంటారు. కొబ్బరి తోటలో, జీడి తోటలో రోజంతా పనిచేసి వచ్చి, నడుం నొప్పికి మందుల షాపులో అడిగి నొప్పి మాత్ర వేసుకోవడం మాత్రం ఆగదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా ఆ మాత్రలు వాడకూడదు. ఈ జబ్బు తొలి దశలో నొప్పీ వాపూ లేకుండా లోలోపలే ముదురుతుంది. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయిస్తేనే బయటపడుతుంది. ప్రాణం కాపాడే ఈ విషయాలు గ్రూపుల్లో కనబడవు. 'ఈ ఆకు రసం తాగితే కిడ్నీలు క్లీన్' అన్నది సాయంత్రానికల్లా ఊరంతా చుట్టేస్తుంది. కిడ్నీలు పాడైన మనిషి ఒంట్లో పొటాషియం బయటకు పోక పేరుకుంటుంది. అది ఎక్కువగా ఉండే ఆకు రసాలు అలాంటివారికి గుండె ఆగిపోయేంత ప్రమాదం తెస్తాయి. ఆ ఫార్వర్డ్ కింద ఈ హెచ్చరిక ఉండదు.

'కిడ్నీల ఊరు', 'శాపం తగిలిన నేల' అన్న పేర్లు ఇంకో రకంగా గాయం చేస్తున్నాయి. ఇక్కడి పిల్లలకు పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఊరి పేరు చెప్పడానికే తల్లిదండ్రులు టెన్షన్ పడాల్సి వస్తోంది. 2018లో తిత్లీ తుపాను తోటలను నేలకూల్చినా మళ్లీ మొక్కలు నాటుకున్న రైతులున్న సీమ ఇది. దీన్ని ఒక్క జబ్బు పేరుతో పిలవడం అన్యాయం.

శీర్షికలో పదును ఉండకూడదని మేము అనడం లేదు. ఉద్దానం గోడు పదేపదే మొదటి పేజీకి ఎక్కినందువల్లే ప్రభుత్వాలు కదిలాయన్నది మా నమ్మకం. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. బాధను చాటడానికి గట్టి శీర్షిక కావాలి. రుజువు కానిదాన్ని రుజువైనట్టు చెప్పడానికి మాత్రం అది పనికిరాదు. 'సిలికాపై అనుమానం' అని రాసినా జనం చదువుతారు.

పత్రికలు, యూట్యూబ్ చానళ్లు ఈ మేరకు కట్టుబడాలి. అంతకంటే ముందు కదలాల్సింది పరిశోధన సంస్థలు. ఇక్కడి జనం రక్తం, మూత్రం నమూనాలు తీసుకెళ్లి, ఫలితాలను ఇంగ్లిష్ పరిశోధన పత్రికల్లో ప్రచురించి ఊరుకుంటే కుదరదు. ఏం పరీక్షించారు, ఏం తేలింది, ఏం తేలలేదు, ఈలోగా జనం ఏం చేయాలి అన్నది తెలుగులో ఒక్క పేజీలో, తామే శీర్షిక పెట్టి ఇవ్వాలి. జిల్లా వైద్యారోగ్య శాఖ ఆ పేజీని యూట్యూబ్ కంటే ముందే ప్రతి ఊరి ఆశా కార్యకర్త చేతికీ అందించాలి.